జోగమ్మ వద్దన్న మాట

లాయరు శివశంకర్ "ఇస్తున్నాను" అని రాసి ఉంటే ఈ గొడవే లేదు. కానీ అంత తేలిక మాట రాయడానికి లాయరెందుకు, ఎవరైనా రాస్తారు. అందుకని ఆయన "డివైజ్" అని రాశాడు. రాసి ఊరుకోకుండా టాటానగర్ కాసిడీహ్ నుంచి ఊరవతలి గమ్హరియా దాకా స్కూటరేసుకొచ్చి, ఆదిబాబు ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ కాగితాన్ని పూజలో మంత్రం చదివినట్టు గొంతెత్తి చదివాడు.

వంటింట్లో జోగమ్మ వంకాయలు వేపుతోంది. ఒక చెవి మూకుడు దగ్గరుంది, ఇంకో చెవి ముందుగదిలో ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. బొత్తిగా రాదని కాదు. ఇన్నేళ్ళు టాటానగర్ నీళ్ళు తాగిన మనిషికి కొన్ని మాటలు వద్దన్నా వచ్చేస్తాయి. షిఫ్టు, డ్యూటీ, గేట్‌పాస్, క్వార్టరు, సైడింగు. అలాగే హౌసు, సన్ను, డాటరు కూడా వచ్చు. ఆ చివరి మూడూ స్పష్టంగా చెవిన పడ్డాయి. హౌసు అనే ముందు "డివై" అని ఇంకేదో మాట మొదలైంది. సరిగ్గా అప్పుడే కుక్కరు కూత పెట్టింది. ఆ కూతలో మాట తోక కొట్టుకుపోయింది.

ఆదిబాబు ఆమెకి బావ, అక్క భద్రమ్మ మొగుడు. ప్లాంటులో క్రేను నడిపి రిటైరైనవాడు. భద్రమ్మ పోయేనాటికి కొడుకు నాగేంద్రబాబు, కూతురు స్మిత ఇద్దరూ బడికెళ్ళే పిల్లలు. ఇచ్ఛాపురంలో మొగుడు పోయి ఉన్న జోగమ్మ, అక్క దినకార్యానికని ప్లాంటువాళ్ళిచ్చిన బర్మామైన్స్ క్వార్టరుకి వచ్చింది. వచ్చినావిడ పొయ్యి ముందు కూర్చుంది. అంతే, మళ్ళీ లేవలేదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, స్మిత పెళ్ళై బరంపురం వెళ్ళింది, నాగేంద్ర పెళ్ళాన్నీ కూతుర్నీ పెట్టుకుని కాసిడీహ్‌లో అద్దెకుంటున్నాడు. క్వార్టరు వదిలాక ఆదిబాబు గమ్హరియాలో కట్టుకున్న ఈ చిన్న ఇంట్లో మిగిలింది బావా మరదళ్ళిద్దరే. వాళ్ళిద్దరి మధ్యా ఏముందో తెలుసుకోవాలని బర్మామైన్స్‌లో సగం సందుకి ఒకప్పుడు నిద్రపట్టేది కాదు. ఏమీ లేదు, అన్నం కూర తప్ప. ఆ సంగతి జోగమ్మకి తెలుసు, ఆదిబాబుకి తెలుసు. సందుకి మాత్రం అదంత రుచిగల సంగతి కాదు.

"డివై" ఏమిటా అని జోగమ్మ మొదట కంగారుపడలేదు. ఆ మధ్య ఇంట్లో అలాంటి మాటే రోజూ తిరుగుతోంది. ఆదిబాబు రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయాడు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది, చర్మం కింద చిన్న డివైస్ పెట్టాలి అన్నారు ఆస్పత్రిలో. "డివైస్ లగేగా" అని డాక్టరు అన్నమాటని నాగేంద్ర వచ్చి ఇంట్లో చెప్పాడు, పక్కింటివాళ్ళకి చెప్పాడు, ఫోనులో స్మితకి చెప్పాడు. లాయరు కూడా ఆ డివైస్ గురించే చదువుతున్నాడనుకుని జోగమ్మ వంకాయ ముక్కలు తిరగేసింది.

తిరగేసిన చెయ్యి మూకుడు మీదే ఆగిపోయింది. గుండెకి పెట్టేదాన్ని హౌసుకెందుకు పెడతారు? పైగా సన్నూ డాటరూ మధ్యలో ఎందుకొచ్చారు?

అప్పుడు తట్టింది ఆమెకి. ఆటోలవాళ్ళు రోజూ అరిచే మాటే అది. "డివైడర్ కే పాస్, డివైడర్ కే పాస్" అని కేకేస్తూ మనుషుల్ని దింపుతారు. రోడ్డు నడుమ పొడవునా ఉండే గోడ డివైడరు. అంటే లాయరు చదివింది డివైడు. హౌసుని డివైడు చేస్తున్నారు, సన్నుకో ముక్క, డాటరుకో ముక్క.

గోడంటే ఏమిటో జోగమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురంలో మొగుడు పోయిన మరుసటి ఏడే అతని అన్నా తమ్ముడూ ఇల్లు పంచుకున్నారు. నడిమింట్లో గోడ లేచింది. ఈవైపు పెద్దవాడి వంట, ఆవైపు చిన్నవాడి వంట. పెద్దమనుషులంతా పొద్దుపోయేదాకా కూర్చుని దూలాలూ రోలూ రుబ్బుడుపొత్రమూ పంచారు. జోగమ్మ ట్రంకుపెట్టె ఏ వైపు పెట్టాలో మాత్రం ఒక్కరికీ గుర్తుకు రాలేదు. అది వీధి అరుగు మీద వానకి తడిసింది. తన కోసం అడిగేవాళ్ళు లేరు, తను అడగలేదు. అడిగితే లేకిగా ఉంటుందనుకుంది. అప్పుడు తడిసిన పెట్టె ఇప్పటికీ ఆమె మంచం కిందే ఉంది, ఒక మూల తుప్పుపట్టి.

వంకాయలు మాడాయి. లాయరు కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆదిబాబు మాడిన కూరే తిని, బాగుందనే అన్నాడు.

అడగొచ్చు కదా అని మనకి అనిపిస్తుంది. పక్కగదిలో మనిషి, ఒక్క మాట అడిగితే తేలిపోయేది. కానీ "బావా, నన్నెక్కడ పెడుతున్నావు?" అని ఏ నోటితో అడుగుతుంది? రేపోమాపో గుండెకి కోత పెట్టించుకోబోయే మనిషిని పట్టుకుని నువ్వు పోతే నా గతేమిటని అడగడమేనా ఇన్నేళ్ళు తిన్న తిండికి మర్యాద? జోగమ్మ నోరు కట్టేసుకుంది. కట్టేసుకున్న నోటికి అన్నం కూడా సయించడం మానేసింది.

ఆదివారం నాగేంద్ర కూతురు రీనా వచ్చింది. కాలేజీ పిల్ల, ఫోనులోంచి తల పైకెత్తదు.

"రీనా, డివైడు అంతే ఏటే?" అంది జోగమ్మ, పప్పులో రాళ్ళు ఏరుతున్నట్టు నటిస్తూ.

"బాఁట్‌నా, దాదీ. హిస్సే కర్‌నా. క్యోఁ?"

"ఏటీ లేదమ్మా. టీవీలో అన్నారు."

ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. బాఁట్‌నా అంటే పంచడం. ఆ సాయంత్రమే నాగేంద్రబాబు టేపు పట్టుకుని దిగాడు. గమ్హరియా ఫ్యాక్టరీలో సూపర్‌వైజరతను, ఏ పనీ చెప్పి చేసే అలవాటు లేదు. ముందుగది ఈ గోడ నుంచి ఆ గోడకి కొలిచాడు. గుమ్మం కొలిచాడు. పెళ్ళాం కల్పన రెండో కొస పట్టుకుంది. మధ్యలో నేల మీద సుద్దముక్కతో గీత గీసి, "ఇక్కడిదాకా వత్తది, సరిపోద్ది" అన్నాడు.

ఆ గీత సరిగ్గా జోగమ్మ మధ్యాహ్నం నడుం వాల్చే చోటునుంచి పోయింది. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది.

"పిన్నీ, అలా నిలబడిపోయేవేటి? టీ పెట్టవా?" అన్నాడు నాగేంద్ర.

టీ పెట్టింది. చక్కెర బదులు ఉప్పు వేసింది. నాగేంద్ర ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టి, పిన్ని పెద్దదైపోతోందని కల్పనతో మెల్లగా అన్నాడు. అది కూడా జోగమ్మ విన్నది. పెద్దదైపోయిన మనిషిని ఏ ముక్కలో పెడతారు? ఒక్కో ఇంట్లో ఆర్నెల్లా? బరంపురంలో స్మిత అత్తగారి మంచం పక్కనా, కాసిడీహ్‌లో రీనా పుస్తకాల పక్కనా? ఆ పెట్టె ఎన్నిసార్లు మొయ్యాలి? వాళ్ళు వెళ్ళాక తడిగుడ్డతో ఆ గీత తుడిచేసింది. తుడిచాక నాగేంద్ర కోప్పడతాడేమోనని మళ్ళీ భయం పట్టుకుంది.

ఆదిబాబుని ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు ఉదయం డివైస్ పెడతారనగా సాయంత్రం రోగుల్ని చూడనిచ్చే వేళకి జోగమ్మ టిఫిన్ డబ్బాలో చోడి అంబలి పట్టుకుని ఒక్కతే వచ్చింది. నాగేంద్ర డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంకా టైముంది. వార్డులో తొమ్మిది మంచాలు, తొమ్మిది దగ్గులు. ఆదిబాబు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నర్సు పెట్టుడుపళ్ళు తీయించేసి గ్లాసులో పెట్టింది. పళ్ళు లేని బావని చూసి జోగమ్మకి ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన మాత్రం హుషారుగానే ఉన్నాడు. కొత్త ఇంగ్లీషు మాట దొరికితే ఆదిబాబుకి కొత్త చొక్కా దొరికినట్టే. నాలుగు రోజులు అదే వేసుకు తిరుగుతాడు.

"జోగమ్మా, రేపు లోపలికి తీసికెల్లేముందు శివశంకర్ వత్తాడు. సంతకం పెట్టీయాలి. ఇంటి డివైజ్ సంగతి నీకు తెలుసు కదా?" అన్నాడు. నవ్వి, "డాక్టరుదొకటి, లాయరుదొకటి. ఒకటి గుండెకి, ఇంకోటి ఇంటికి" అని కలిపాడు.

పళ్ళు లేని నోట ఆ మాట చివర ఏమైందో దేవుడికే తెలియాలి. వినే చెవి ముందే నిర్ణయించుకుని కూర్చుంది. డివైజ్ అని ఆయనన్నాడు, డివైడ్ అని ఆమె విన్నది.

"తెలుసు బావా. ఆరోజే విన్నాను."

"విన్నావా! మరి ఏటీ అనలేదేటి?"

ఇన్నాళ్ళు నోటికి కట్టుకున్న కట్టు అప్పుడు తెగింది. డబ్బా స్టూలు మీద పెట్టి, మంచం పట్టెని రెండు చేతులా పట్టుకుంది. "వద్దు బావా. ఇంటికి ఆ పని సెయ్యొద్దు. నీ కాళ్ళకి దండం పెడతాను. నేను బతికుండగా ఆ మాటే ఎత్తకు."

ఆదిబాబు నవ్వు ఆగిపోయింది. ఆమె మొహంలోకి చూశాడు.

"జనం ఏటనుకుంతారనేటి నీ బయం?" అన్నాడు.

"అనుకోరేటి మరి? నలుగురూ నవ్వరేటి?" అంది జోగమ్మ. అక్క కష్టపడి నిలబెట్టిన సంసారం ముక్కలైతే నలుగురూ నవ్వుతారని ఆమె ఉద్దేశం. బర్మామైన్స్ సందు అప్పట్లో తమ గురించి నవ్విన నవ్వు ఆదిబాబు చెవుల్లో మోగింది. మరదలికి ఇల్లు రాసిచ్చాడంటే ఆ సందంతా మళ్ళీ లేచి కూర్చోదూ? పాపం, ఆ భయం ఈవిడకి ఇంకా పోలేదన్నమాట అనుకున్నాడు.

"సరే. నీకొద్దంతే నేనెందుకు పెడతాను? తీయించేత్తాను" అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంబలి రెండు చెంచాలకన్నా తాగలేదు.

జోగమ్మకి నెత్తిన పాలు పోసినట్టైంది. ఒక్క మాటతో గోడ ఆగిపోయింది! మొదటిసారి నోరు విప్పి అడిగింది, బావ కాదనలేదు. ఖర్కాయి ఏటి వంతెన మీద ఆటో ఆగిపోయి పావుగంట కదలకపోయినా ఆమెకి విసుగు రాలేదు. ఇంటికొచ్చి ఆకలిగా తిన్నది. అంబలి ఎందుకు తాగలేదో అన్న ఆలోచన ఒకటి నడుమ వచ్చింది కానీ, రేపటి కోత దిగులేమోలే అనుకుని సరిపెట్టుకుంది.

పొద్దున్న ఆమె ఆస్పత్రికి చేరేసరికి ఆదిబాబుని చక్రాల మంచం మీద తీసుకుపోతున్నారు. చెయ్యి పట్టుకోబోయింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. మెలకువగా ఉండే మూసుకున్నాడనిపించింది ఆమెకి. తలుపులు మూసుకున్నాయి. నాగేంద్ర మందుల కౌంటరు దగ్గరికి, కల్పన అతని వెనక ఏవో కాగితాలతో వెళ్ళారు.

వరండా బెంచీ మీద లాయరు శివశంకర్ కూర్చుని ఉన్నాడు. జోగమ్మని చూసి లేచి నిలబడ్డాడు. ఇదివరకెప్పుడూ ఆమెని చూసి లేచిన మనిషి కాదు.

"జోగమ్మగారూ, మీరు గొప్పవారండీ. ఇల్లిస్తానంటే వద్దన్న మనిషిని నా ప్రాక్టీసులో ఇప్పుడే చూడ్డం."

"ఏ ఇల్లు బాబూ?"

"గమ్హరియా ఇల్లేనండీ, మీ పేరున రాసిన ఇల్లు. నిన్న మీరే వద్దన్నారట కదా. పొద్దున్నే వచ్చాను, ఇద్దరు సాక్షుల్ని కూడా వెంట తెచ్చాను. ఆయనేమో జోగమ్మ ఒప్పుకోలేదు, పేరు తీసి మళ్ళీ టైపు చేసి తెమ్మన్నారు."

జోగమ్మ బెంచీ కోసం చేత్తో వెతుక్కుంది. "ఇల్లు పంపకం కదా బాబూ? పిల్లలిద్దరికీ డివైడు సేత్తన్నట్టు కదా రాసేరు?"

"డివైడా? డివైజ్ అండీ! ఇల్లు మీకు. బ్యాంకులో ఉన్నది మాత్రం కొడుక్కీ కూతురికీ" అన్నాడు లాయరు. ఆమె మొహం చూసి ఆగాడు. ఏం జరిగిందో ఆయనకి అప్పుడర్థమైంది. పక్కన కూర్చున్నాడు.

తప్పు చేసిన మనిషి ఊరికే కూర్చోలేడు, ఏదో ఒకటి మాట్లాడాలి. లాయరైతే మరీను. ఆయన ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకున్నాడు.

"మీరు విన్నది తప్పు కాదమ్మా. కొన్ని వందల ఏళ్ళు ఆలస్యంగా విన్నారు, అంతే. ఆ మాట లాటిన్‌లో పుట్టింది. అక్కడ దానికి ముక్కలు చేయడమనే అర్థం. డివైడూ ఇదీ ఒక కడుపున పుట్టినవే. ఫ్రెంచివాళ్ళ దగ్గరికొచ్చేసరికి, పంచేవాడు ముందు ఆలోచించి అమర్చుకోవాలి కదా, అందుకని ఆలోచించి అమర్చడం అయింది. నలుగురూ కూర్చుని కబుర్లాడుకోవడాన్ని కూడా అక్కడ అదే మాటంటారు. ఇంగ్లీషులో అది ఉపాయం వెయ్యడం. ఉపాయంతో చేసిన వస్తువు డివైస్, ఇప్పుడు లోపల ఆయనకి పెడుతున్నారే, అది. అక్షరం ఒక్కటే తేడా. కోర్టు కాగితాల్లోకొస్తే, నా తదనంతరం నా ఇల్లూ నేలా ఫలానావాళ్ళకి చెందాలి అని విల్లులో రాయడం. నగా నట్రా ఇవ్వడానికి ఇంకో మాటుంది. ఇంటికీ నేలకీ ఇదే ముచ్చటైన మాట. ఈ రోజుల్లో ఎవరూ రాయరు, మా గురువుగారు రాసేవారు..."

పంచడం, అమర్చడం, ఉపాయం, ఇవ్వడం, కూర్చుని మాట్లాడుకోవడం. ఇన్ని అర్థాల్లో ఆ ఇంట్లో ఎవరూ చేయనిది చివరిదొక్కటే. జోగమ్మకి అదంతా సగమే బుర్రకెక్కింది. ఆమెకి కావలసిన సంగతి ఒకటే.

"బావ సంతకం పెట్టీసేడా?"

"లేదండీ. పాతదాని మీద పెట్టనన్నారు. కొత్తది సాయంత్రం తెస్తాను."

"ఈలోగా... లోపల ఏటైనా అయితే?"

లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అలా అనుకోకండి. చిన్న ఆపరేషనే. అయితే మాత్రం, విల్లు లేనట్టే. అన్నీ పిల్లలిద్దరివీ అవుతాయి."

"మరి నేను?"

"చట్టంలో మీకు చోటు లేదమ్మా" అన్నాడు ఆయన మెల్లగా. తర్వాత కోర్టు టైమైందని లేచి వెళ్ళిపోయాడు.

ఆ వరండాలో జోగమ్మ పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. బావ నిన్న గోడవైపు ఎందుకు తిరిగాడో ఇప్పుడు తెలిసింది. ఇంత ఆలోచించి, తనకంటూ ఒక కప్పు అమర్చిన మనిషిని "నీ కాళ్ళకి దండం, వద్దు" అంది తను. ఆయన ఆ మాట మనసులో పెట్టుకునే లోపలికి వెళ్ళాడు. తెలియక అన్నానని చెప్పేదాకా బతకాలి. దేవుడా, బావని బతికించు.

అలా దండం పెట్టుకుంటూ ఉండగానే ఒక అనుమానం అడ్డొచ్చింది. బావ బతకాలని అడుగుతోందా, సంతకం పెట్టేదాకా బతకాలని అడుగుతోందా? ఎంత తోసేసినా ఆ రెండో కోరిక మొదటిదాని కొంగు పట్టుకునే వస్తోంది. ఇల్లు గుర్తుకు రాకుండా ఒక్క దండం పెట్టాలని చూసింది. రాలేదు. తులసికుండీ, వంటింటి కిటికీ, తను తుడిచేసిన సుద్దగీత, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా ఇల్లు కావాలనే ఉంది.

కల్పన వచ్చి పక్కన కూర్చుని నీళ్ళ సీసా ఇచ్చింది. "చిన్నత్తయ్యా, బెంగెట్టుకోకండి. మామయ్యగారికి తలవైపు లేపే ఆస్పత్రి మంచం అద్దెకి మాటాడీసాం. ముందుగదిలో సరిగ్గా పడుద్ది. ఆరోజు ఈయన కొలిసేరు కదా" అంది.

"మంచం కోసవా ఆ కొలత?"

"మరి దేనికనుకున్నారు?"

జోగమ్మ సీసా మూత తిప్పి బిగించింది. ఇన్ని రోజులూ పడ్డ దిగులంతా ఒక మంచం గురించన్నమాట. ఆ మంచం మీద పడుకోవలసిన మనిషి ఇంకా ఆ తలుపులకి అటువైపునే ఉన్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె లేచి నిలబడింది. ఒకసారి వార్డుబాయి వచ్చాడు, ఒకసారి ఇంకెవరిదో పేరు పిలిచారు. ఒకసారి నర్సు పరుగున బయటికొచ్చి, ఏదో పట్టుకుని మళ్ళీ పరుగున లోపలికెళ్ళింది. అప్పుడు జోగమ్మకి ఇల్లు నిజంగానే మరుపున పడింది. బావా అని ఒక్క మాటే నోట్లో మిగిలింది.

చివరికి తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఆదిబాబు వచ్చాడు. ఎడమ భుజం కింద పెద్ద కట్టు, మొహం తెల్లబడి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాడు. "హో గయా, సబ్ ఠీక్" అంది నర్సు. నాగేంద్ర తండ్రి పాదాలు పట్టుకుని ఏడ్చాడు. అంత పెద్ద సూపర్‌వైజరూ చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. జోగమ్మకి కూడా కళ్ళనీళ్ళు ఆగలేదు. దేవుడికి మనసులో నిండు దండం పెట్టింది, ఈసారి అందులో ఇల్లు లేదు.

వార్డులో పడుకోబెట్టాక ఆదిబాబు అందరినీ చూశాడు, జోగమ్మని తప్ప. నాగేంద్ర తలవైపు, కల్పన కాళ్ళవైపు నిలబడ్డారు. జోగమ్మ ఎప్పటిలాగే వెనక, కిటికీ దగ్గర ఉంది. సాయంత్రం లాయరొస్తాడు, తన పేరు లేని కాగితం తెస్తాడు. బావ సంతకం పెడతాడు. ఆ తర్వాత ఏం చెప్పినా ప్రయోజనం ఉండదు. ఇప్పుడంటే నాగేంద్ర ముందు అనాలి. తండ్రి ఇంకా మంచం దిగకముందే పిన్ని ఇల్లడిగిందని అనుకుంటాడు. అనుకోడూ? తనైనా అలాగే అనుకుంటుంది. ఇచ్ఛాపురం అరుగు మీద నోరుమూసుకుని నిలబడ్డ మనిషి ఒకతె ఆమెకి గుర్తొచ్చింది. అప్పుడు చాలా మర్యాదగా ఉంది తను. పెట్టె తడిసింది.

రెండడుగులు ముందుకొచ్చింది.

"బావా, నాకు డివైజ్ కావాలి."

నాగేంద్ర వెనక్కి తిరిగి, ఆమె భుజం మీద చెయ్యేశాడు. "పెట్టీసారు పిన్నీ. డివైస్ పెట్టీసారు. బాగా పనిసేత్తందని డాక్టరు సెప్పేడు. నువ్వు కంగారుపడకు."

అక్కడితో ఆగిపోవచ్చు. నవ్వేసి, అవునా నాయనా అని కళ్ళు తుడుచుకుంటే పరువు దక్కుతుంది. జోగమ్మ ఆగలేదు.

"గుండెది కాదు నాయనా," అంది, "ఇల్లు. మీ నాన్న నాకిత్తానన్న ఇల్లు. నాకది కావాలి."

వార్డులో దగ్గులు కూడా ఆగినట్టనిపించింది. నాగేంద్ర చెయ్యి ఆమె భుజం మీదనుంచి జారింది. అతను తండ్రివైపు చూశాడు, పెళ్ళాంవైపు చూశాడు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదని ఆ చూపే చెప్పింది. ఆదిబాబు మెల్లగా తల తిప్పి, ఆరోజు మొదటిసారిగా, మరదలి మొహంలోకి చూశాడు.

"నిన్న వద్దన్నావు కదా."

"నిన్న నాకు ఇంగ్లీషు రాదు బావా."

ఆదిబాబు పెదవులు కదిలాయి. ఆ మాటని ఆమె ఇంకోలా విన్నదని అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. నవ్వితే కుట్లు లాగి అబ్బా అన్నాడు. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవులమీదికి కారాయి.

"నాగేంద్రా, శివశంకర్‌కి ఫోన్ సెయ్యరా" అన్నాడు.

నాగేంద్ర ఫోను తీశాడు. తీసి, నంబరు నొక్కకుండా నిలబడ్డాడు. అతని మొహం జోగమ్మకి కొత్తగా కనిపించింది. చిన్నప్పుడు తను ముద్దలు చేసి పెట్టిన మొహమే, ఇప్పుడు మాత్రం అందులో ఏముందో తెలియడం లేదు. ఎప్పుడూ అయితే ఆమె ఈపాటికి డబ్బా కడగాలనో నీళ్ళు తేవాలనో పక్కకి తప్పుకునేది. తప్పుకోలేదు. భయపడుతూనే అక్కడే నిలబడింది.

"ఏటని సెప్పమంతావు నాన్నా?" అన్నాడు నాగేంద్ర చివరికి. గొంతు గట్టిగానే ఉంది.

ఆదిబాబు గడ్డంతో జోగమ్మవైపు చూపించాడు. "ఆమెనడుగు."

నాగేంద్ర నంబరు నొక్కి, ఫోను చెవికి పెట్టుకుని, పిన్నివైపు తిరిగాడు. అవతల మోగుతోంది.

"నా పేరు మల్లీ రాయమని సెప్పు నాయనా," అంది జోగమ్మ. "ఏ మాటేసి రాత్తాడో ఆడి ఇట్టం. పక్కన తెలుగులో కూడా రాయమను. జోగమ్మకి ఇత్తన్నాను అని."